బోవే చర్చి సగంలో ఎందుకు ఆగిపోయింది?

పారిస్‌కి ఉత్తరాన సుమారు 75 కిలోమీటర్ల దూరంలో బోవే అనే ఊరుంది. అక్కడి సెయింట్ పియర్ కేథడ్రల్‌ని తూర్పు వైపు నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది. లోపల నేల నుంచి రాతి కప్పు దాకా 48 మీటర్లు. పదహారు అంతస్తుల అపార్టుమెంటులో మధ్య శ్లాబులన్నీ తీసేస్తే ఎంత ఖాళీ వస్తుందో అంత. గోతిక్ అనే మధ్యయుగపు యూరప్ పద్ధతిలో కట్టిన చర్చిల్లో ఇంతకన్నా ఎత్తైన కప్పు మరొకటి లేదు. అదే చర్చి పడమటి వైపుకి వెళితే మాత్రం, ఇల్లు కడుతూ కడుతూ డబ్బు అయిపోయి వదిలేసినట్టు ఉంటుంది. జనం కూర్చోవాల్సిన పొడవాటి హాలు అసలు లేదు. అది ఉండాల్సిన చోట అడ్డంగా ఒక గోడ, దాని పక్కన 10వ శతాబ్దం నాటి ఒక చిన్న పాత చర్చి.

ఎత్తు మీద అత్యాశకి పోయారు, కూలిపోయింది, ఆగిపోయింది అని ఈ చర్చి కథని మూడు ముక్కల్లో తేల్చేస్తుంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ దాంతో ఏమీ తెలియదు. కూలింది ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ రెండుసార్లూ కూలిన భాగాలు వేరు, కారణాలూ వేరు. అవి అర్థం కావాలంటే యూరప్ మేస్త్రీలు రాతి కప్పుతో ఎన్ని పాట్లు పడ్డారో ముందు చూడాలి.

మొదట్లో చాలా చర్చిలకి చెక్క కప్పే ఉండేది. రెండు గోడలు, వాటి మీద దూలాలు, పైన వాసాలు. కట్టడం తేలికే. చిక్కల్లా నిప్పుతో. లోపల రోజంతా కొవ్వొత్తులు, పైన పిడుగుల భయం. పాత చర్చిల చరిత్రలో "తగలబడింది, మళ్లీ కట్టారు" అన్న మాట విసుగు పుట్టేంతగా ఎదురవుతుంది. షార్ట్ర కేథడ్రల్ 1194లో తగలబడింది. బోవేలో కొత్త చర్చి మొదలుపెట్టింది కూడా 1225లో పాతది కాలిపోయాకే. రాతి కప్పు వేస్తే పైన వాసాలు అంటుకున్నా లోపల ఉన్నవాళ్లకి రక్షణ ఉంటుంది. ఈ లెక్క ఎంత నిజమో 2019 ఏప్రిల్ 15న పారిస్ నోట్రడామ్‌లో లోకమంతా చూసింది. పైన వందల ఏళ్ల నాటి ఓక్ చెక్క కప్పు మొత్తం కాలి బూడిదైంది. దాని కింద ఉన్న రాతి కప్పు శిఖరం పడ్డ చోటా మరికొన్ని చోట్లా చిల్లు పడింది తప్ప, చాలా భాగం అలాగే నిలబడింది.

రాతి కప్పుకి ఒక పాడు గుణం ఉంది. రెండు పేకముక్కల్ని ఒకదానికొకటి ఆనించి నున్నటి బల్ల మీద నిలబెట్టి చూస్తే అదేమిటో కళ్లకి కడుతుంది. పై అంచులు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి, కింది అంచులే పక్కకి జారిపోతాయి. కమాను పని కూడా ఇదే. రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ గాలిలో నిలబడతాయి, ఆ నొక్కుడు చివరికి రెండు కాళ్ల దగ్గర పక్కకి నెట్టుడుగా బయటపడుతుంది. పెంకుటిళ్లు కట్టే మేస్త్రీలకి ఇది కొత్త సంగతేమీ కాదు. అడ్డదూలం లేకుండా వాసాలు వేస్తే గోడలు బయటికి ఒరుగుతాయని వాళ్లకి బాగా తెలుసు. అక్కడ దూలం వేసి సరిపెట్టుకోవచ్చు. నలభై మీటర్ల ఎత్తులో, కమాను కింద అడ్డంగా దూలాలు కనబడకూడదంటే ఏం చేయాలి?

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. నోట్రడామ్ పనులు మొదలైనది 1163లో అంటారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం కూడా 1163 నాటిదే. కాకతీయ శిల్పులు కమాను జోలికి పోలేదు. స్తంభం మీద రాతి దూలం, దూలం మీద రాతి పలక పరిచారు. బరువంతా నిట్టనిలువుగా కిందికి దిగుతుంది, పక్కకి నెట్టుడు లేదు. కానీ రాయి నొక్కుడుని తట్టుకున్నట్టు వంపుని తట్టుకోలేదు. దూలం పొడవు పెరిగితే మధ్యలో విరుగుతుంది. అందుకే స్తంభాలు దగ్గర దగ్గరగా వేయాలి. అంత చిన్న జాగాలో అన్ని స్తంభాలు ఉండటానికి అందంతో పాటు ఈ అవసరం కూడా ఒక కారణం. పారిస్‌లో మధ్య హాలు వెడల్పు సుమారు 12 మీటర్లు. మధ్యలో స్తంభం ఉండకూడదు, కప్పు రాతిదే కావాలి. ఆ కోరికతోనే పక్క నెట్టుడు అనే తలనొప్పి వచ్చి పడింది.

దానికి వాళ్ల మొదటి జవాబు మొరటుది. గోడలు మందంగా కట్టేయడం. గోతిక్‌కి ముందు పద్ధతైన రోమనెస్క్‌లో కట్టిన 11వ శతాబ్దం నాటి చర్చిలు కోటల్లా కనిపించేది అందుకే. లావు గోడలు, చిన్న కిటికీలు, లోపల చీకటి. అయినా అన్నిసార్లూ గట్టెక్కలేదు. 1088లో మొదలుపెట్టిన క్లూనీ మఠం చర్చికి సుమారు 30 మీటర్ల ఎత్తున రాతి కప్పు వేశారు. 1125లో అందులో కొంత భాగం కూలింది. (ఆ చర్చి మిగతా కథ ఇంకా ఘోరం. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని అమ్మేస్తే, కొన్నవాళ్లు రాళ్ల క్వారీలా వాడుకుని చాలా భాగం పీకేశారు.)

తర్వాత మూడు ఉపాయాలు ఒక్కోటిగా చేరాయి. మొదటిది మొనదేరిన కమాను. అర్ధవృత్తపు కమానులో ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే. వెడల్పు మారితే ఎత్తూ మారాల్సిందే. మొనదేరిన కమానులో ఆ బాధ లేదు, వెడల్పు ఎంతున్నా ఎత్తు కావలసినంత పెట్టుకోవచ్చు. పైగా కమాను నిటారుగా ఉన్నకొద్దీ పక్క నెట్టుడు తగ్గుతుంది. రెండోది కప్పులో రాతి పక్కటెముకలు. వీటినే రిబ్‌లు అంటారు. ఇంగ్లండులోని డర్హమ్ కేథడ్రల్‌లో, 1093లో పనులు మొదలైన దగ్గర, వీటిని పెద్ద ఎత్తున చూడొచ్చు. ముందు రిబ్‌లు లేపి, మధ్య ఖాళీల్లో పల్చటి రాయి నింపుతారు. కప్పు కిందికి దిగే చోట బరువు గోడ పొడుగునా కాకుండా కొన్ని బిందువుల దగ్గర చేరుతుంది. అలా చేరాక మిగతా గోడకి పనేముంది? దాన్ని తీసేసి గాజు పెట్టుకోవచ్చు.

పారిస్ పక్కనే ఉన్న సెయింట్ డెనిస్ మఠంలో జరిగింది అదే. మఠాధిపతి సూజే కట్టించిన తూర్పు భాగాన్ని 1144 జూన్‌లో ప్రతిష్ఠించారు. సన్నటి స్తంభాలు, వాటి వెనక గోడ బదులు రంగు గాజు. గోతిక్ పద్ధతి ఇక్కడే మొదలైందని పుస్తకాలు చెబుతాయి. నిజానికి ముక్కలన్నీ అంతకు ముందే వేర్వేరు చోట్ల ఉన్నాయి, ఇక్కడ ఒక్కచోటికి వచ్చాయంతే. పని జరిగిన తీరు గురించి సూజే స్వయంగా రాసిపెట్టాడు. అందులో ఒక సంగతి ఆసక్తిగా ఉంటుంది. 1143 జనవరిలో పెద్ద గాలివాన వచ్చింది. అప్పటికి రిబ్‌లు మాత్రమే లేచి ఉన్నాయి, వాటి మధ్య రాయి ఇంకా నింపలేదు. ప్రార్థన చేయిస్తున్న బిషప్ పైకి చూస్తే ఆ కమానులు ఊగుతూ కనిపించాయట. భయపడి అటు చెయ్యెత్తి దీవించాడట. ఏదీ పడలేదు. సూజే దాన్ని దేవుడి మహిమ అన్నాడు. మనకి కావలసింది వేరే. సగంలో ఉన్న రాతి పని గాలికి ఊగడం వాళ్లు కళ్లారా చూశారు. గాలిని లెక్కగట్టడం మాత్రం ఎవరికీ రాదు.

మూడో ఉపాయం ఫ్లయింగ్ బట్రెస్. 12వ శతాబ్దం రెండో సగంలో ఇది వాడుకలోకి వచ్చింది. కప్పు ఎక్కడ నెడుతుందో సరిగ్గా అక్కడ, గోడ బయటి నుంచి ఒక వంపు రాతి చేయి వచ్చి ఆనుతుంది. ఆ చేయి పక్క వరండా కప్పు మీదుగా గాల్లో దాటి, బయట నేల నుంచి లేచిన లావు రాతి దిమ్మెకి చేరుతుంది. నెట్టుడంతా చేతి గుండా దిమ్మెలోకి, అక్కడి నుంచి పునాదిలోకి దిగిపోతుంది. ఆ దిమ్మె నెత్తిన కనబడే చిన్న శిఖరాలు సోకు కోసం అనుకుంటాం. పుస్తకాల దొంతరని పైనుంచి పక్కకి నెడితే పై పుస్తకం ఇట్టే జారుతుంది. నెత్తిన ఒక పొత్రం పెట్టి నెడితే అంత తేలిగ్గా కదలదు. ఆ శిఖరం చేసేది పొత్రం పనే. పక్కకి వచ్చే నెట్టుడుకి కిందికి దిగే బరువు తోడై, మొత్తం బలం దిమ్మె అంచు దాటకుండా లోపలికి తిరుగుతుంది.

ఇంకో సంగతి పైకి కనబడదు. బట్రెస్ ఊరికే ఆసరాగా నిలబడి ఉండదు, అది కూడా కమానే కాబట్టి తన వంతుగా గోడని లోపలికి నెడుతూ ఉంటుంది. కప్పు బయటికి, బట్రెస్ లోపలికి. ఈ ఇద్దరి కుస్తీలో గోడ నిలబడుతుంది. నోట్రడామ్ కాలిపోయాక ఇంజనీర్లకి పట్టుకున్న టెన్షన్ ఇదే. కప్పు దెబ్బతిని బయటికి నెట్టేవాడు బలహీనపడితే, లోపలికి నెట్టేవాడు గోడని పడేయొచ్చు. అందుకని 28 ఫ్లయింగ్ బట్రెస్‌ల కింద చెక్క సెంట్రింగ్ కట్టి వాటిని పట్టి ఉంచారు. ఎనిమిదిన్నర శతాబ్దాల కింద కట్టేటప్పుడు ఎలాంటి సెంట్రింగ్ కొట్టారో ఇంచుమించు అలాంటిదే. మరమ్మతులు ముగిసి చర్చి 2024 డిసెంబరులో తెరుచుకుంది.

ఈ మూడూ చేతికొచ్చాక పోటీ మొదలైంది. నోట్రడామ్ కప్పు ఎత్తు సుమారు 33 మీటర్లు. షార్ట్రలో దాదాపు 37. 1211లో మొదలైన రీమ్స్‌లో 38. 1220లో మొదలైన అమియెన్‌లో 42. ఇదంతా భక్తి పారవశ్యం అనుకుంటే పొరపాటు. బిషప్‌లు, వాళ్ల కింద ఉండే మతాధికారుల మండళ్లు పక్క ఊరి కన్నా మన ఊరిది పెద్దదిగా ఉండాలని పట్టుబట్టాయి. డబ్బు పన్నుల నుంచి, భూముల నుంచి, యాత్రికుల కానుకల నుంచి రావాలి. రీమ్స్‌లో 1233లో ఊరి జనం ఆర్చిబిషప్ మీద తిరగబడితే పని మూడేళ్లు ఆగింది. షార్ట్ర కిటికీల్లో రొట్టెలు కాల్చేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు అమ్మేవాళ్ల బొమ్మలు కనిపిస్తాయి. వాళ్లే చందాలేసుకుని ఆ కిటికీలు పెట్టించారని చాలాకాలం నమ్మారు. ఇప్పుడు ఆ మాట మీద పండితులకి అనుమానాలున్నాయి. డబ్బు ఇచ్చినవాడి బొమ్మే గోడకెక్కుతుందన్న నియమం ఏమీ లేదు కదా.

బోవే బిషప్ ఈ పోటీలో అందరికన్నా పైకి వెళ్లాడు. 1272 నాటికి తూర్పు భాగం పూర్తయింది. పన్నెండేళ్లు నిలబడింది. 1284 నవంబరులో కప్పులో కొంత భాగం కూలిపోయింది.

ఎందుకు కూలిందన్నది ఇప్పటికీ తెగని పంచాయితీ. పునాది కుంగిందని కొందరంటారు. 19వ శతాబ్దంలో నోట్రడామ్‌ని బాగుచేసిన వాస్తుశిల్పి వియొలె-లె-దుక్‌ది వేరే మాట. ఆయన దృష్టి సున్నం మీద పడింది. అప్పటి సున్నం ఇప్పటి సిమెంటులా రోజుల్లో గట్టిపడదు. మందపాటి దిమ్మెల నడిబొడ్డున అది ఆరడానికి ఏళ్లు పడుతుంది, ఆరేకొద్దీ కొంచెం కుంచించుకుంటుంది. ఎన్నో వరసలుగా పేర్చిన దిమ్మె అలా వెంట్రుకవాసి కిందికి దిగితే, దాని పక్కనే ఏకరాయితో నిలబెట్టిన సన్న స్తంభాలు దిగవు. మోయాల్సిన దిమ్మె పక్కకి తప్పుకుని, అలంకారానికి పెట్టిన సన్న స్తంభాల మీద బరువు పడింది. అవి పుటుక్కున విరిగాయన్నది ఆయన ఊహ. 1970లలో అమెరికా ఇంజనీరు రాబర్ట్ మార్క్ ప్లాస్టిక్‌తో చర్చి అడ్డుకోత నమూనా చేసి, దానిమీద బరువు పెట్టి, ప్రత్యేకమైన కాంతిలో ఒత్తిడి ఎక్కడ చేరుతుందో పరిశీలించాడు. ఆయన వేలు గాలి వైపు చూపింది. అంత ఎత్తు గోడకి పెద్దగాలి తగిలినప్పుడల్లా బయటి దిమ్మెల్లో ఒక చోట రాయి సాగదీతకి గురవుతుంది, సున్నం పగులుతుంది. ఆ చోటు పక్క కప్పుల మాటున ఉండటంతో పగుళ్లు పూడ్చడం కుదిరేది కాదు. ఏటికేడు పగులు పెరిగి చివరికి ఒరిగిందని ఆయన వాదన.

వీటిలో ఒకటే నిజం కావాలని లేదు. అయితే బాగుచేసిన మేస్త్రీలు ఏమనుకున్నారో రాళ్లే చెబుతున్నాయి. వాళ్లు కప్పు ఎత్తు ఒక్క మీటరు కూడా తగ్గించలేదు. పాత స్తంభాల మధ్య కొత్త స్తంభాలు దూర్చి, మధ్య దూరం సగం చేశారు. ఒక్కో గదిలో, అంటే స్తంభాల మధ్య జాగాలో, రిబ్‌లు కప్పుని నాలుగు తెరలుగా విడదీసేవి, దాన్ని ఆరు తెరలు చేశారు. తప్పు ఎత్తులో కాదు, స్తంభాల దూరంలో ఉందని వాళ్లు లెక్కేసుకున్నారన్నమాట. ఆ కప్పు ఏడు శతాబ్దాలుగా అలాగే ఉంది. అత్యాశ కథ చెప్పేవాళ్లు ఈ వివరం దగ్గర ఆగరు.

అసలు ఆ రోజుల్లో లెక్క అంటే ఏమిటి? బలాల గణితం అప్పటికి పుట్టలేదు. మేస్త్రీ చేతిలో ఉన్నవి తాడు, వృత్తలేఖిని, మూలమట్టం, గుండు దారం, తన గురువు చెప్పిన నిష్పత్తులు. కమాను వెడల్పులో ఇన్నో వంతు దిమ్మె మందం ఉండాలి, అంతే. ఈ పద్ధతిని చూసి నవ్వాల్సిన పనిలేదు. మంచి సున్నపురాయిని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే అట్టడుగు రాయి నలగడానికి కిలోమీటరు పైగా ఎత్తు కావాలి. నలభై ఎనిమిది మీటర్ల చర్చిలో రాయి బలం సమస్యే కాదు. సమస్యంతా ఆకారంలో ఉంది, బరువు దారి రాయి లోపలే సాగుతోందా లేదా అన్నదే. ఆకారం సరిగ్గా ఉంటే చిన్నదానికి నిలిచిన నిష్పత్తి పెద్దదానికీ నిలుస్తుంది. గురువు చెప్పిన వంతులు పనిచేసింది అందుకే. ఈ సూత్రం గాలికి మాత్రం వర్తించదు. పైకి వెళ్లేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది, నిష్పత్తులకి ఆ సంగతి తెలియదు.

కమాను ఆకారం గుట్టు 1675లో బయటపడింది. రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాన్ని అక్షరాలు తారుమారు చేసి పొడుపుకథలా అచ్చువేశాడు. గుమ్మానికి వదులుగా కట్టిన పూలదండ ఏ వంపులో వేలాడుతుందో, ఆ వంపుని తలకిందులు చేస్తే అదే కమానుకి సరైన ఆకారం అన్నది దాని సారం. దండలో లాగుడు మాత్రమే ఉంటుంది, తిప్పితే నొక్కుడు మాత్రమే ఉంటుంది. బోవేలో పని మొదలైన 450 ఏళ్లకి తెలిసిన సంగతి ఇది. అంతకు ముందు 1400 ప్రాంతంలో మిలాన్ కేథడ్రల్ కడుతున్నప్పుడు, పారిస్ నుంచి పిలిపించిన జాన్ మిన్యో అనే నిపుణుడికి, స్థానిక మేస్త్రీలకి దిమ్మెల మందం మీద పెద్ద గొడవే అయింది. శాస్త్రం లేని పనితనం సున్నా అని ఆయన అన్నాడు. మొనదేరిన కమానులు దిమ్మెల్ని నెట్టవని స్థానికులు వాదించారు. ఆ వాదన తప్పు. మిలాన్ కేథడ్రల్ మాత్రం నిలబడే ఉంది!

బోవే రెండో కూలుడుకి ఇంత చర్చ అక్కర్లేదు. మరమ్మతులకి దాదాపు 50 ఏళ్లు పట్టింది, ఆ తర్వాత నూరేళ్ల యుద్ధం, ప్లేగు. 1500లో మళ్లీ పని మొదలైంది. శిలువ ఆకారంలో చర్చికి రెండు వైపులా ఉండే అడ్డ చేతుల్ని కట్టారు. 1548కల్లా అవి పూర్తయ్యాయి. అప్పుడు మామూలు తెలివి ఉన్న ఎవరైనా పడమటి హాలు కడతారు. బోవే వాళ్లు నడిమధ్యన గోపురం లేపారు. 1569లో అది పూర్తయ్యేసరికి ఎత్తు 153 మీటర్లు. అప్పటి లోకంలో అత్యంత ఎత్తైన కట్టడాల్లో ఒకటి.

గోపురం నాలుగు పెద్ద స్తంభాల మీద నిలబడింది. తూర్పున పాత భాగం ఉంది, ఉత్తర దక్షిణాల్లో అడ్డ చేతులున్నాయి, మూడు వైపులా ఆసరా ఉంది. పడమట ఖాళీ. నాలుగు కాళ్ల మంచాన్ని మూడు వైపులా గోడలకి బిగించి నాలుగో వైపు వదిలేసినట్టు. స్తంభాలు అటువైపే ఒరగడం మొదలుపెట్టాయి. కూలడానికి రెండేళ్ల ముందే పరిశీలించడానికి వచ్చిన మేస్త్రీలు పడమట హాలు కొంతైనా కట్టి ఊతం ఇవ్వమన్నారు. చర్చలు సాగాయి, డబ్బు కుదరలేదు, రోజులు గడిచాయి. ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా ఆఫీసు ఫైలు నడిచేది ఇలాగే. 1573 ఏప్రిల్ 30, క్రీస్తు స్వర్గారోహణ పండుగ రోజు. జనం ఊరేగింపుగా చర్చి నుంచి బయటికి వెళ్లిన కాసేపటికి గోపురం మొత్తం కుప్పకూలింది. ఉన్న డబ్బంతా పగిలిన కప్పులు బాగుచేయడానికే సరిపోయింది. 1600 నాటికి పడమటి హాలు ఆశ వదిలేసి గోడ కట్టి మూసేశారు.

రాతి చర్చి అంటే అంతా రాయే అనుకోవడం కూడా సరికాదు. ఇనుము మొదటి నుంచీ తోడుగా ఉంది. నోట్రడామ్ కాలిన తర్వాత పరిశోధకులు గోడల్లో, కప్పు దగ్గర రాళ్లని పట్టి ఉంచే ఇనుప కొక్కేలు చూశారు. 1160ల నుంచే వాటిని పెద్ద సంఖ్యలో వాడారని 2023లో తేల్చారు. అమియెన్‌లో మధ్య స్తంభాలు వంగుతుంటే 15వ శతాబ్దం చివర చర్చి చుట్టూ గోడ లోపల ఇనుప గొలుసు బిగించారు, అది ఇప్పటికీ ఉంది. బోవేలో బట్రెస్‌లని ఒకదానితో ఒకటి కలుపుతూ ఇనుప కడ్డీలు ఉండేవి. 1960లలో అవి చూడటానికి బాగోలేవని కొన్నింటిని తీసేశారు. పెద్దగాలికి బట్రెస్‌లు ఊగడం మొదలయ్యాక మళ్లీ ఉక్కు కడ్డీలు బిగించాల్సి వచ్చింది. 1990లలో అడ్డ చేయి లోపల కూడా చెక్కతో, ఉక్కుతో పెద్ద పెద్ద ఊతాలు నిలబెట్టారు. ప్రార్థనకి వచ్చినవాళ్లకి ఇప్పటికీ అవే ఎదురుగా కనబడతాయి.

1940 జూన్‌లో జర్మన్ బాంబులకి చర్చి చుట్టూ ఉన్న పాత ఊరు చాలావరకు తగలబడింది, కేథడ్రల్ మిగిలింది. పడమటి గోడ పక్కన ఉన్న ఆ పాత చిన్న చర్చి కూడా మిగిలింది. కొత్త చర్చి పడమటికి పెరిగినప్పుడు దాన్ని పూర్తిగా పడగొడదామనే అనుకున్నారు, అప్పటికే తూర్పు వైపు చాలా భాగం పడగొట్టారు కూడా. పని ఆగిపోవడంతో మిగిలిన ముక్క అలాగే ఉండిపోయింది. చిన్న చిన్న రాళ్లతో కట్టిన సన్నపాటి గోడలు, బట్రెస్‌లు లేవు. వాటి మీద ఉన్నది చెక్క కప్పు, అది గోడల్ని పక్కకి నెట్టదు.